మర గురించి రాయబోయే మనవరాలికి

అమ్మాయీ, తాత ఆశీస్సులు.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో మన జిల్లా పల్లెల్లో వడ్ల మరలు ఎలా నడిచాయో రాస్తానన్నావు. మంచిదే. కానీ యుద్ధం గురించి మాత్రం ఎవరినీ అడగొద్దు. అడిగితే హిట్లరు, బాంబులు అంటూ ఎక్కడో విన్నవే చెప్తారు. ఏం తిన్నారు, ఎక్కడ ఆడించారు అని అడుగు. 1942 మార్చిలో రంగూను జపాను చేతికి పోయి బర్మా బియ్యం ఆగిపోయింది. ఆ దెబ్బ మన పల్లెలకు తగిలింది వంటింట్లోనే.

పెన్న కింది ఊళ్లనూ కనిగిరి, పొదిలి మెట్టనూ ఒకే గాటన కట్టకు. పెన్న కింద వరి పండేది, మొలగొలుకుల బియ్యం అక్కడివే. మెట్టలో సజ్జ, జొన్న, వరిగ. అక్కడ చాలా ఇళ్లకు తిరగలే మర.

మర యజమానుల ఇళ్లకు చివర్లో వెళ్లు. వాళ్లు ఇంజను గొప్పలు చెప్పి పంపిస్తారు. ముందు ఆడవాళ్లను కదిలించు. ఆడింపు కూలి డబ్బుగా ఇచ్చారా, గింజలుగా కొలిచారా? నూకలు ఎవరి కుండలోకి వెళ్లాయి? తవుడు ఎవరు ఉంచుకున్నారు? 100 కిలోల వడ్లు ఆడిస్తే బియ్యం 65, 70 కిలోలు వస్తాయి, మిగతాది ఊకా తవుడూ. తవుడు ఇంటికొస్తే గేదెకు మేత, మర దగ్గరే ఉండిపోతే మరవాడికి రాబడి. గింజ కరువైనప్పుడు మనుషులు ఇలాంటి వాటి దగ్గరే తగాదా పడతారు, అందుకే బాగా గుర్తుంటాయి. వడ్లు దంచి బతికిన వాళ్ల ఇళ్లు వదలొద్దు. మరలు వచ్చాక వాళ్ల కూలి పోయింది. బస్సులే బొగ్గు గ్యాసుతో నడిచిన కాలంలో, నూనె లేక ఇంజను ఆగితే వాళ్లను మళ్లీ పిలిచారేమో అడుగు. బ్లాక్ మార్కెట్ మాట వస్తే విను, పేర్లు మాత్రం రాయకు. వాళ్ల మనవళ్లు ఇంకా ఆ ఊళ్లోనే ఉంటారు.

ఒక చిక్కుంది. గింజల మీద సర్కారు పెట్టిన కంట్రోలు యుద్ధంతో పోలేదు. మద్రాసు ముఖ్యమంత్రిగా రాజాజీ ఎత్తేసింది 1952లో. ముసలివాళ్లు చెప్పేది ఏ ఏడాది సంగతో తేల్చుకోవాలంటే, విశాఖ, కాకినాడల మీద బాంబులు పడ్డ 1942 ఏప్రిల్‌కు ముందా తర్వాతా అని అడుగు. అది తేలకపోతే, వాళ్ల పెళ్లి నాటి సంగతా అని అడుగు. పెళ్లి ఎవరూ మర్చిపోరు.

కాగితాలు వెతికేటప్పుడు ప్రకాశం పేరుతో వెతికితే దొరకవు, ఆ జిల్లా పుట్టిందే 1970లో. ఒంగోలు గుంటూరు కిందా, కందుకూరు, కనిగిరి నెల్లూరు కిందా ఉంటాయి. నెల్లూరు జమీన్ రైతు పత్రిక పాత సంచికలు చూడు. వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయంలో పాత పత్రికలు బాగా దాచారు. అక్కడ రోజంతా కూర్చునేలా వెళ్లు.

మొదట మన వీధి చివరి అవ్వ దగ్గరకు పో. మధ్యాహ్నం కునుకు తీస్తుంది, నాలుగు దాటాక వెళ్లు. ఫోన్ రికార్డు పెడితే టెన్షన్ పడుతుంది, మొదటిసారి కాగితం మీదే రాసుకో.

మీ తాత