పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళకి పాదం ఎక్స్‌రే చాలా, ఎమ్మారై కావాలా?

నాన్నగారికి పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు), కాలి వేళ్ళు ముడుచుకుపోతున్నాయి, ఏ స్కాన్ తీయించాలి అని అడిగారు. మా మావయ్యగారిదీ ఇదే బాధ. ఏ మిషన్ అన్నది తర్వాత, ఏ వేళకి తీస్తారన్నదే అసలు సంగతి.

మావయ్యగారు స్టీల్‌ప్లాంట్‌లో చేసి రిటైరయ్యారు, ఉండేది గాజువాకలో. తెల్లారగట్ల మొదటి మాత్ర పడేలోపు ఎడమ కాలి వేళ్ళు లోపలికి ముడుచుకుని, బొటనవేలు ఒక్కటీ పైకి లేచి బిగుసుకుపోతుంది. మాత్ర పనిచేయడం మొదలయ్యాక అన్నీ వాటంతటవే వదులవుతాయి. డాక్టరు ఎక్స్‌రే రాస్తే జగదాంబ వైపు ఒక సెంటరుకి తీసుకెళ్ళాం. పొద్దున్నే రమ్మన్నవాళ్ళు మాత్ర బలం దిగిపోయే వేళకి లోపలికి పిలిచారు. టెక్నీషియన్ కుర్రాడు "తాతగారూ, కదలకండి" అని ఒకటే కేకలు. ఆయన కావాలని కదుపుతున్నారా? అరిచేకొద్దీ టెన్షన్, టెన్షన్‌కి వణుకు ఇంకా ఎక్కువ. నిలబడి తీయించుకుందామంటే చిన్న చెక్క స్టూలు ఎక్కమన్నాడు, పట్టుకోడానికి ఒక కడ్డీ కూడా లేదు. చివరికి పడుకోబెట్టి తీసి పంపేశాడు.

రిపోర్టు నార్మల్. కాక? వేళ్ళని లాగుతున్నది కండరం, దానికి ఆ ఆజ్ఞ వస్తున్నది మెదడు నుంచి. ఎముక ఏం చేసిందని! బరువు మోపినప్పుడు పాదం ఎలా వంగుతోందో నిలబెట్టి తీస్తేనే తెలుస్తుంది. అలాగని ఎక్స్‌రే దండగ అనను. వీళ్ళు తూలి పడుతుంటారు, ఎముకలూ పలచబడతాయి, పడ్డాక వాపుంటే తీయించాల్సిందే.

ఎమ్మారై ఊరికే వద్దు. ఎక్స్‌రే రెప్పపాటులో అయిపోతుంది. ఎమ్మారైకి ఇరవై నిమిషాల పైనే కదలకుండా ఉండాలి, సెకనుకి 4 నుంచి 6 సార్లు వణికే కాలితో బొమ్మంతా అలుక్కుపోతుంది. డాక్టరుకి కండరాన్ని ఎముకకి కలిపే స్నాయువు మీదో, ఇన్ఫెక్షన్ మీదో అనుమానముంటే సరే. అప్పుడైనా మాత్ర బాగా పనిచేసే వేళకే టైము అడగండి. వణుకు తగ్గడానికి మెదడులో డీబీఎస్ అనే కరెంటు తీగలు పెట్టించుకుని ఉంటే బుక్ చేసేటప్పుడే చెప్పాలి.

ఫిల్ము బదులు సీడీ చేతిలో పెట్టారు, ఈ రోజుల్లో ఏ కంప్యూటర్లో పెట్టాలో వాళ్ళకే తెలియాలి. న్యూరాలజిస్టు దాన్ని ముట్టుకోనేలేదు. మా ఆవిడ తెల్లవారుజామున ఫోన్లో తీసిన పాదం వీడియో రెండుసార్లు చూసి, పడుకునే ముందు వేసే మాత్ర మార్చారు. మీరూ ముందు ఆ వీడియో తీయండి, మాత్రల వేళలు ఒక కాగితం మీద రాసుకెళ్ళండి. ఎక్స్‌రే సెంటరుకి ఫోన్ చేసినప్పుడు రేటుతో పాటు, నిలబడడానికి కడ్డీ ఉందా అని కూడా అడగండి.