మూడు వయసుల పిల్లలకు ఒకే చరిత్ర పాఠమా?

ప్రశ్న: మా పిల్లలు ముగ్గురికీ ఇంట్లోనే చదువు చెబుతున్నాము. వారి వయసులు 6, 10, 14. క్రైస్తవ దృక్పథంతో రాసిన ప్రపంచ చరిత్రను వచ్చే ఏడాది మొదలుపెట్టాలని ఉంది. ఎవరి వయసుకు తగినవి వారికి విడిగా కొనాలా, అందరికీ కలిపి ఒకే పాఠ్యప్రణాళిక సరిపోతుందా? ఎంచుకునే ముందు ఏమి చూడాలి?

జవాబు: లెక్కల్లో ఒక మెట్టు ఎక్కనిదే పై మెట్టు అందదు కనుక అక్కడ మూడు పుస్తకాలు తప్పవు. చరిత్రకు ఆ నిర్బంధం లేదు. ముగ్గురూ ఒకే కాలాన్ని చదువుతూ, ఎవరి లోతుకు వారు దిగే ప్రణాళికనే తీసుకోండి. విడివిడిగా కొంటే ఒకరు ఐగుప్తులో, ఒకరు రోములో, మరొకరు ప్రపంచ యుద్ధంలో ఉంటారు. మూడు చోట్లకూ పరుగెత్తవలసింది మీరే.

ప్రాచీన, మధ్య, తొలి ఆధునిక, ఆధునిక కాలాలను నాలుగేళ్లలో చుట్టివచ్చే ప్రణాళికలు మీ ఇంటికి చక్కగా అమరుతాయి. 18, 19 ఏళ్లు వచ్చేసరికి పెద్దబిడ్డకు ఒక ఆవృత్తి, రెండోబిడ్డకు రెండు, చిన్నబిడ్డకు మూడు పూర్తవుతాయి. పెద్దబిడ్డకు దక్కేది ఒక్కటే కాబట్టి పై తరగతికి తగిన పఠనం అందులో నిజంగా ఉన్నదో లేదో ముందుగా చూడండి. చాలా ప్రణాళికలు తేలిపోయేది అక్కడే.

ఒక పాఠం ఎలా సాగాలో చూద్దాము. క్రీ.పూ. 701లో అష్షూరు రాజు సన్హెరీబు యూదా మీద దండెత్తిన ఘట్టాన్ని తీసుకోండి. ఆరేళ్ల బిడ్డ యూదా రాజు హిజ్కియా ప్రార్థన కథ విని బొమ్మ వేస్తే చాలు. పదేళ్ల బిడ్డ పటంలో యూదా పట్టణాలైన లాకీషును, యెరూషలేమును గుర్తించి, గోడమీది కాలరేఖలో ఆ సంవత్సరాన్ని అతికించవచ్చు. పద్నాలుగేళ్ల బిడ్డ రాజులు రెండవ గ్రంథం 18, 19 అధ్యాయాలను, సన్హెరీబు పలు ముఖాల మట్టి దిమ్మె (పట్టకం) మీద చెక్కించిన శాసనపు అనువాదాన్ని పక్కపక్కన పెట్టుకుని చదవాలి. హిజ్కియాను పంజరంలో పక్షిలా బంధించానని ఆ రాజు చెప్పుకున్నాడే గాని, యెరూషలేమును పట్టుకున్నానని ఎక్కడా అనలేదు. కప్పంగా ఇచ్చిన బంగారం రెండింటిలోనూ 30 తలాంతులే (తలాంతు ఆనాటి తూకం). వెండి మాత్రం బైబిలులో 300, శాసనంలో 800. ఈ తేడా ఎందుకు వచ్చి ఉంటుందని బిడ్డను ఆలోచింపజేసే ప్రణాళిక దొరికితే వదులుకోకండి.

ఇక నమ్మదగినదో కాదో తేల్చుకోవడానికి అట్టమీది మాటలు చూడవద్దు, రోము చక్రవర్తి కాన్‌స్టంటైన్ అధ్యాయం తెరవండి. 313లో ఆయన, సహ చక్రవర్తి లిసినియస్ కలిసి క్రైస్తవులతో పాటు అందరికీ ఆరాధనా స్వేచ్ఛ ఇచ్చారు. క్రైస్తవ్యం రాజమతమైనది 380లో, చక్రవర్తి థియొడోసియస్ ఆజ్ఞతో. ఈ రెండింటినీ కలగలిపేసిన పుస్తకం మిగతా చోట్ల జాగ్రత్తగా ఉంటుందని నేను అనుకోను. ఆ తరువాత 1099లో క్రూసేడర్లు, అంటే ఐరోపా నుంచి వచ్చిన క్రైస్తవ యోధులు, యెరూషలేమును పట్టుకున్నప్పుడు జరిగిన ఊచకోతను అది చెప్పిందా, దాటవేసిందా చూడండి. చిన్నబిడ్డకు ఆ వివరాలు అక్కరలేదు, పెద్దబిడ్డకు మాత్రం దాచకూడదు. చర్చి సంస్కరణకు నాంది పలికిన మార్టిన్ లూథర్ ఘట్టాన్ని కూడా చదవండి. 1517 నాటి సంస్కరణ గురించి కేథలిక్ రచయిత చెప్పే తీరు వేరు, ప్రొటెస్టెంటు రచయిత చెప్పే తీరు వేరు. ఏ పక్షమైనా అవతలివారిని ఎగతాళి చేయకుండా చెప్పగలగడమే కొలత.

సృష్టి కాలం దగ్గర కూడా పుస్తకాలు వేరుపడతాయి. కొన్ని 17వ శతాబ్దపు ఆర్చిబిషప్ అషర్ లెక్కను అనుసరించి క్రీ.పూ. 4004 నుంచి మొదలవుతాయి, కొన్ని సంవత్సరం చెప్పకుండా సాగుతాయి. మీ ఇంటి అభిప్రాయం ఏదో దంపతులిద్దరూ ముందే మాట్లాడుకుంటే, పాఠం మధ్యలో తడబాటు ఉండదు.

చివరగా మీ ఓపిక సంగతి. ఉపాధ్యాయుల కరదీపికలో ఒక వారం పనిని తీసుకుని, కొనకముందే ముగ్గురితోనూ చేయించి చూడండి. 36 వారాలకు రాసిన ప్రణాళికలో జ్వరాలకూ ప్రయాణాలకూ నాలుగైదు వారాలు పోయినా కథ తెగకుండా ఉండాలి. అలా సర్దుకోనిది ఎంత గొప్పదైనా మీ ఇంటికి పనికిరాదు.