శాంతి కోసం పని చేస్తానంటోంది, ఏ కోర్సులో చేర్చాలి?

ప్రశ్న: మా అమ్మాయి నిజామాబాద్‌లో బీఏ ఆఖరి సంవత్సరం చదువుతోంది. ఎన్‌ఎస్‌ఎస్‌లో ఉంది, కాలేజీ బృందంతో వీధి నాటకాలు వేస్తుంది. రెండేళ్ల కిందట మా వాడలో ఊరేగింపు దగ్గర రెండు వర్గాలకు గొడవైంది. అప్పటి నుంచి "శాంతి కోసమే పని చేస్తా, పీజీలో పీస్ స్టడీస్ చదువుతా" అంటోంది. వాళ్ల నాన్న బీఎడ్ చేయమంటున్నారు. ఇది అసలు ఉద్యోగమేనా? కేసుల్లో ఇరుక్కుంటుందేమోనని నా భయం. – ఒక తల్లి

జవాబు: ఉద్యోగమేనమ్మా. కాకపోతే ఆ పేరుతో దొరకదు. 'శాంతి కార్యకర్త కావలెను' అని ఏ సంస్థా ప్రకటన ఇవ్వదు. కమ్యూనిటీ ఆర్గనైజర్, ఫెసిలిటేటర్, ప్రోగ్రామ్ కోఆర్డినేటర్ అని ఇస్తారు. అందుకే డిగ్రీ పేరులో 'పీస్' అనే మాట ఉందా లేదా అన్నది తర్వాతి సంగతి. ముందు మీ అమ్మాయి చేతికి ఒక పని వచ్చి ఉండాలి. పడని ఇద్దరిని కూర్చోబెట్టి మాట్లాడించడమో, పిల్లలకు పాఠం చెప్పడమో, జనంతో నాటకం ఆడించడమో ఏదో ఒకటి గట్టిగా రావాలి.

ఆ పని ఎలా ఉంటుందో తెలియాలంటే భివండీని చూడండి. మహారాష్ట్రలోని మరమగ్గాల ఊరు అది. మన కరీంనగర్, వరంగల్ వైపు నుంచి వలస వెళ్లిన నేత కుటుంబాలు అక్కడ ఎన్నో ఉన్నాయి. 1970లో, మళ్లీ 1984లో ఆ ఊళ్లో ఘోరమైన అల్లర్లు జరిగాయి. 1988లో డీసీపీగా వచ్చిన సురేశ్ ఖోపడే వాడవాడకూ మొహల్లా కమిటీలు పెట్టించి, హిందువులనూ ముస్లింలనూ ఒకచోట కూర్చోబెట్టారు. 1992 డిసెంబరులో, 1993 జనవరిలో పక్కనే ముంబయి తగలబడుతున్నా భివండీ ప్రశాంతంగా ఉంది. కమిటీల్లో ఉన్నది పెద్ద నాయకులు కారు, ఆ వాడల్లో బతికే మామూలు మనుషులే.

అలాంటి కమిటీ చేసే పని చాలా చిన్నచిన్న వాటితో నడుస్తుంది. ఊరేగింపు ఏ దారిన వెళ్తుంది, నమాజు వేళకు ఎక్కడ ఉంటుంది, డప్పు ఏ మలుపు దగ్గర ఆపాలి, ఆ మలుపులో రెండు వైపుల నుంచి ఎవరు నిలబడాలి అన్నది ముందే తేల్చుకోవాలి. పుకారు వస్తే ఫార్వర్డ్ చేయకుండా అవతలి వాడలోని మనిషికి ఫోన్ చేసి, వెళ్లి కళ్లతో చూసి, అప్పుడు నలుగురికీ చెప్పాలి. ఆ నంబరు ఫోన్లో ఉండటం, చేసినప్పుడు అవతలి వాళ్లు ఎత్తడం, ఈ రెండింటి కోసమే ఏడాది పొడవునా కలుస్తూ ఉండాలి. పండగకు రెండు రోజుల ముందు పోలీస్ స్టేషన్లో ఎప్పుడూ కనిపించే ఆ ఐదారుగురినే పిలిచి, టీ ఇచ్చి పంపేస్తే కమిటీ పని చేయదు. గొడవ మొదలుపెట్టేది కుర్రాళ్లయితే వచ్చి కూర్చున్నది పెద్దమనుషులు, ఆడవాళ్లు ఒక్కరూ ఉండరు. ఎక్కువ చోట్ల పని చెడేది ఇక్కడే.

ఇక కోర్సుల విషయం. ఢిల్లీ జామియా మిలియా ఇస్లామియాలోని నెల్సన్ మండేలా సెంటర్‌లో ఘర్షణల విశ్లేషణ, శాంతి నిర్మాణంపై ఎంఏ ఉంది. బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో మాలవీయ శాంతి పరిశోధన కేంద్రం ఉంది. పరిశోధన వైపో, అంతర్జాతీయ సంస్థల వైపో వెళ్లాలనుకుంటే ఇవి మంచివి. ఈ చదువుకు చదవడం, రాయడం అంతా ఇంగ్లిష్‌లోనే. తెలుగు మీడియంలో చదివిన అమ్మాయైతే ఇప్పటి నుంచే రోజుకో ఇంగ్లిష్ సంపాదకీయం చదివి, దాని సారం పది వాక్యాల్లో రాయడం అలవాటు చేసుకోవాలి. లేకపోతే మొదటి సెమిస్టర్‌లోనే కుంగిపోతారు.

మీ అమ్మాయి మనసు ఊళ్లలో, వాడల్లో పని చేయడం మీదే ఉంటే నా ఓటు సోషల్ వర్క్‌లో పీజీ అయిన ఎంఎస్‌డబ్ల్యూకే. హైదరాబాద్‌లో రోడా మిస్త్రీ కాలేజీ, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ, తిరుపతిలో పద్మావతి మహిళా వర్సిటీ ఈ కోర్సు చెబుతున్నాయి. తెలంగాణ వర్సిటీలకు సీపీగెట్ అనే ఉమ్మడి పీజీ ప్రవేశ పరీక్ష రాయాలి. ఎంఎస్‌డబ్ల్యూలో క్లాసుతో పాటు ఫీల్డ్‌వర్క్ తప్పనిసరి, దాన్ని అనుభవం కింద చూపించుకోవచ్చు. కాలేజీ ఎంచుకునే ముందు పాత విద్యార్థులను ఒక్క ప్రశ్న అడగండి: ఫీల్డ్‌వర్క్ రిపోర్టును ఎవరైనా చదివి, తప్పులు చెబుతారా? సంతకం పెట్టించుకుని వదిలేసే చోట రెండేళ్లు వృథా.

వాళ్ల నాన్న చెప్పిన బీఎడ్‌ను తీసిపారేయకండి. ఎన్‌సీఈఆర్‌టీ 2005 పాఠ్యప్రణాళిక చట్రంలో భాగంగా శాంతి కోసం విద్య మీద ప్రత్యేక పత్రమే వెలువరించింది. దాని ప్రకారం శాంతి విడిగా ఒక సబ్జెక్టు కాదు, అన్ని పాఠాల్లోనూ కలిసి ఉండాల్సిన దృష్టి. సోషల్ టీచర్‌కు దేశ విభజన పాఠం చెప్పే తీరులోనే అది మొత్తం ఉంటుంది. అయితే పిల్లలతో రోజూ ఆరు గంటలు గడపడం ఇష్టమా అన్నది ఆమెనే తేల్చుకోనివ్వండి.

ఆమె వేసే వీధి నాటకం గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే ఆమె దగ్గర ఇప్పటికే ఉన్న పనిముట్టు అదే. బ్రెజిల్‌కు చెందిన అగస్టో బోల్ రూపొందించిన ఫోరమ్ థియేటర్‌ను పశ్చిమ బెంగాల్‌లో జన సంస్కృతి బృందం 1985 నుంచి ఊళ్లలో ఆడుతోంది. పదిహేను, ఇరవై నిమిషాల నాటకం వేస్తారు. చివర అన్యాయం జరిగిపోతుంది, పరిష్కారం చూపించరు. మళ్లీ మొదటి నుంచి ఆడతారు. ఈసారి చూసేవాళ్లలో ఎవరైనా "ఆపండి" అనవచ్చు. లేచి వచ్చి, దెబ్బతిన్న పాత్ర స్థానంలో నిలబడి తానైతే ఏం చేసేదో చేసి చూపాలి. అవతలి పాత్ర వేసినవాళ్లు తేలిగ్గా లొంగకూడదు. 'అందరం మారిపోయాం' అనే మాయా పరిష్కారం వస్తే, ఇది మన ఊళ్లో నిజంగా జరుగుతుందా అని నిర్వాహకుడు జనాన్నే అడుగుతాడు. మన బుర్రకథలో రాజకీయం చెప్పే వంత కథ మధ్యలో ఆపి ఊరి సంగతులు అడిగినట్టే ఇదీ.

ఇందులో కొత్తవాళ్లు పొరపడేది ఎక్కువగా వేషం దగ్గర, యాస దగ్గర. ఒక వర్గం మనిషిని టోపీతోనో బొట్టుతోనో గుర్తుపట్టేలా చేసి, అతని మాటతో నవ్వించారా, నాటకం అక్కడే చచ్చిపోతుంది. రెండు వాడల వాళ్లకూ రిహార్సల్ చూపించి, నొచ్చుకున్న మాట ఉంటే తీసేయాలి. ఆఖర్లో ఉపన్యాసం వద్దు.

కేసుల భయం గురించి. నాటకానికి, ర్యాలీకి ముందే పోలీస్ స్టేషన్లో రాతపూర్వకంగా తెలిపి, అందినట్టు ముద్ర వేయించుకోవాలి. జనం గుమిగూడకుండా ఆపే పాత 144 సెక్షన్ ఇప్పుడు కొత్త నేర ప్రక్రియ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో 163. ఆ ఉత్తర్వు అమల్లో ఉండగా గుమిగూడితే కొత్త శిక్షా చట్టం బీఎన్‌ఎస్ 223 కింద కేసు పెట్టవచ్చు. కాబట్టి బయల్దేరే రోజు పొద్దున ఉత్తర్వు ఉందేమో కనుక్కోవాలి. ఒకవేళ కేసంటూ అయితే సర్కారు ఉద్యోగం దరఖాస్తులో అడిగినచోట దాచకూడదు. కేసుకన్నా దాచడమే ఎక్కువ ముంచుతుంది.

డబ్బు సంగతి నిజం చెబుతాను. ఈ ఉద్యోగాలు ఎక్కువగా ప్రాజెక్టు మీద నడుస్తాయి, ప్రాజెక్టు ముగిస్తే ఉద్యోగమూ ముగుస్తుంది. 2020లో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించి, పరిపాలన ఖర్చు పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి దించారు. ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ విరాళాన్ని మరో సంస్థకు ఇవ్వడాన్నీ ఆపేశారు. చిన్న సంస్థలకు ఇది పెద్ద దెబ్బ. చేరే ముందు ఆ సంస్థకు ఎన్జీవో దర్పణ్ అనే సర్కారు పోర్టల్‌లో నమోదు నంబరు, ఆదాయపు పన్ను మినహాయింపు రిజిస్ట్రేషన్లు (12ఏ, 80జీ అంటారు) ఉన్నాయా, నిరుటి వార్షిక నివేదిక ఉందా, తన పోస్టుకు నిధులు ఎప్పటివరకు ఉన్నాయి అని అడగాలి. పది మంది, అంతకన్నా ఎక్కువ మంది పని చేసేచోట లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీ ఉండి తీరాలి. ఆడపిల్ల కాబట్టి ఇది మొహమాటం లేకుండా అడగమనండి.

ఇప్పుడు మొదలుపెట్టగలిగినవి రెండున్నాయి. ఎన్‌ఎస్‌ఎస్‌లో రెండేళ్లకు 240 గంటలు, ఏడు రోజుల ప్రత్యేక శిబిరం పూర్తయితేనే పూర్తి సర్టిఫికెట్ వస్తుంది. ఆఖరి సెమిస్టర్ పరీక్షల హడావుడిలో గంటలు తక్కువ పడకుండా ఈ వారమే ప్రోగ్రామ్ ఆఫీసర్ దగ్గర లెక్క చూసుకోమనండి. రెండోది, జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో పారా లీగల్ వాలంటీర్‌గా, అంటే జనానికి న్యాయ సాయం అందేలా చూసే స్వచ్ఛంద కార్యకర్తగా దరఖాస్తు చేయడం. పని చేసిన రోజుకే గౌరవ భత్యం ఇస్తారు, జీతం కాదు. కానీ లోక్ అదాలత్‌లో కూర్చుని జనం ఎలా రాజీకి వస్తారో, ఎక్కడ మొండికేస్తారో దగ్గరగా చూడవచ్చు. 2023 మధ్యవర్తిత్వ చట్టంలో వాడల గొడవలకు ముగ్గురు మధ్యవర్తుల ఏర్పాటు ఉంది. అక్కడ కుదిరిన ఒప్పందానికి కోర్టు డిక్రీలా బలవంతంగా అమలయ్యే శక్తి లేదు, అంటే రెండు వైపులా నమ్మే మనిషి కావాలి. ఆ అధ్యాయం ఎంతవరకు అమల్లోకి వచ్చిందో, మధ్యవర్తుల శిక్షణ ఎప్పుడు పెడుతున్నారో ఆ ఆఫీసులోనే అడిగి రమ్మనండి. వెళ్లేటప్పుడు డిగ్రీ మెమోలు, ఆధార్, రెండు ఫొటోలు, ఇప్పటిదాకా వేసిన నాటకాల తేదీలు, ఊర్లు రాసిన ఒక కాగితం పట్టుకెళ్లాలి.