మీ అత్తగారు ఇంటికొచ్చే ముందు ఒకసారి ఇది చదువు

బుజ్జీ,

నిన్న నువ్వు ఫోన్లో "పెద్దమ్మా, స్ట్రోక్ (పక్షవాతం) వచ్చిన అత్తయ్యని ఇంటికి తెస్తున్నాం, హాస్పిటల్ మంచం వచ్చేసింది, ఎయిర్ బెడ్ కొన్నాం, బీపీ మిషన్ కొన్నాం, ఇంకేం కావాలి" అని అడిగావు, నేనేమో స్టవ్ మీద పాలు పెట్టుకుని రెండు ముక్కలు చెప్పి పెట్టేశాను. రాత్రంతా అదే ఆలోచన. మీ పెదనాన్నకి స్ట్రోక్ వచ్చాక నాలుగేళ్లు చెన్నైలో ఈ వేలచ్చేరి ఇంట్లోనే చూసుకున్నాను కదా, అందులో మొదటి ఏడాది నేను తెలీక చేసినవి నువ్వు మళ్లీ చెయ్యకూడదని తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను, కొంచెం పొడుగైనా చదువు.

ముందు మంచం ఎక్కడ వేస్తున్నారో చెప్పు. మేం ప్లగ్ పాయింట్ ఉందని వెనక గదిలో వేశాం. ఆయనకి ఎదురుగా గోడ, పక్కన బీరువా. ఎనిమిది నెలలు ఆ మనిషి ఆ బీరువానే చూస్తూ పడుకున్నాడు, నాకు ఆ ఆలోచనే రాలేదు, టైముకి తిండి వెళ్తోందా, మోషన్ అయిందా, బీపీ ఎంతుంది, ఇదే నా లోకం. ఒకరోజు వ్యాయామాలు చేయించడానికి వచ్చే ఫిజియో అబ్బాయి "సార్ పొద్దస్తమానం ఏం చూస్తుంటారమ్మా" అన్నాడు. అంతే, ఆ సాయంత్రమే ఎక్స్‌టెన్షన్ బాక్స్ తెప్పించి మంచం హాల్లో కిటికీ పక్కకి మార్చాం. కింద ఇస్త్రీ బండి, నీళ్ల లారీ, స్కూల్ వ్యాన్లు. రెండో రోజు ఆయన ఎడం చేత్తో కళ్ల దగ్గర ఏదో చూపిస్తున్నాడు, దురదేమో అని తడిబట్టతో తుడిచాను, మళ్లీ అదే చూపిస్తున్నాడు, మూడోసారికి అర్థమైంది, అద్దాలు! ఎనిమిది నెలలుగా ఆయన కళ్లద్దాలు టేబుల్ సొరుగులోనే ఉన్నాయి. అవి తుడిచి పెట్టగానే ఆయన మొహం ఎలా అయిందో ఇప్పటికీ నా కళ్ల ముందుంది. అందుకే చెప్తున్నా, మీ అత్తగారి అద్దాలు, కట్టుడు పళ్లు, వినే మిషన్ ఉంటే అది, ఇవన్నీ మందుల డబ్బా కంటే ముందు సర్దు.

ఇక బెడ్ సోర్, అంటే ఒకేలా పడుకుని ఉంటే ఒత్తిడికి పడే పుండు, దాని సంగతి, ఇది మాత్రం గట్టిగా చెప్తాను. ఎయిర్ బెడ్ ఉంది కదా అని తిప్పడం మానొద్దు. రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి, రాత్రి కూడా. నడుము కింద ఎముక, తుంటి, మడమలు, తల వెనక, చెవులు, రోజూ స్నానం చేయించేటప్పుడు చూడు. ఎర్రగా కనిపిస్తే వేలితో నొక్కి వదులు, ఎరుపు పోయి మళ్లీ వస్తే సరే, నొక్కినా పోకుండా అలాగే ఉంటే పుండు మొదలైనట్టే, ఆ పక్క మీద ఇక పడుకోబెట్టొద్దు, వెంటనే నర్సుకి చూపించు. మన ఒంటి రంగుకి ఎరుపు ఒక్కోసారి సరిగ్గా తెలీదు, అక్కడ వేడిగానో గట్టిగానో ఉందేమో చేత్తో చూడు. ఎర్రబడ్డ చోట కొబ్బరినూనె పెట్టి మర్దనా చేస్తారు మనవాళ్లు, అది అస్సలు వద్దు, లోపల ఇంకా దెబ్బతింటుంది. మా ఇంట్లో ఒక ఏజెన్సీ నుంచి నైట్ అటెండర్ని పెట్టుకున్నాం, ఆ అబ్బాయి ఫోన్ చూసుకుంటూ నిద్రపోయేవాడని మాకు వారం దాకా తెలీలేదు, ఆయన తడిసిన డైపర్లోనే తెల్లారేదాకా, పాపం, నోరు తిరగదు కదా పిలవడానికి. నడుం కింద రూపాయి బిళ్లంత పుండు. అది మానడానికి మూడు నెలలు పట్టింది. అప్పట్నుంచి రాత్రి రెండుకీ నాలుగుకీ అలారం పెట్టుకుని నేనే లేచి చూసేదాన్ని. నువ్వు రాత్రి మనిషిని పెట్టుకున్నా సరే మొదటి పదిహేను రోజులు మధ్యలో లేచి చూడు.

కరెంటు పోతే ఎయిర్ బెడ్ గాలి దిగిపోతుంది, ఇది కూడా గుర్తుపెట్టుకో. 2023 డిసెంబర్లో మిచాంగ్ తుఫానప్పుడు మా వీధంతా నీళ్లు, కరెంటు లేదు, లిఫ్ట్ లేదు, బెడ్ చప్పబడి ఆయన కింద గట్టి పలక మీద పడుకున్నట్టే అయింది, దుప్పట్లు మడిచి కింద పెట్టి గంటకోసారి తిప్పుతూ గడిపాం. కింద ఒక మంచి ఫోమ్ పరుపు వేసి దాని మీద ఎయిర్ బెడ్ వెయ్యి, ఇన్వర్టర్ లైన్లోకి ఆ ప్లగ్ వచ్చేలా చూడమను. పెరంబూర్లో మీ సందులో కూడా వానకి నీళ్లు నిలుస్తాయి కదా, పది రోజుల మందులు, డైపర్లు ఎప్పుడూ ముందే ఉంచుకో.

ఆమెకి ఎడం వైపు కదా పడిపోయింది, ఆ చెయ్యి పట్టుకుని లేపొద్దు, చంకలో చేతులేసి లాగొద్దు, భుజం కీలు జారొచ్చు, ఆ నొప్పి చాలాకాలం ఉండిపోవచ్చు. ఎలా లేపాలో ఫిజియో చేత నువ్వూ అల్లుడూ ఇద్దరూ చేసి చూపించుకోండి. కాథెటర్ (యూరిన్ పోవడానికి పెట్టే గొట్టం) బ్యాగ్ నడుము కంటే కిందే ఉండాలి, కానీ నేలకి తగలకూడదు. యూరిన్ మబ్బుగా వచ్చినా, జ్వరం వచ్చినా, ఉన్నట్టుండి ఏదో అయోమయంగా మాట్లాడినా ఇన్ఫెక్షన్ అయ్యుండొచ్చు, ఆగొద్దు. ఇంకో మాట, డిశ్చార్జ్ రోజే డాక్టర్ని అడుగు, ఈ కాథెటర్ ఎన్నాళ్లు, ఎప్పుడు తీస్తారు అని. అడక్కపోతే అది అలాగే ఉండిపోతుంది.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్నది. రెండో ఏడాది మా ఇంటికి పాలియేటివ్ కేర్ నర్సమ్మ రావడం మొదలుపెట్టింది. పాలియేటివ్ అంటే చివరి రోజులకే అనుకుని నేను మొదట వద్దన్నాను, అది కాదు, నొప్పి, ఆయాసం, నిద్ర, మనసు, ఇవి చూసుకోవడం కూడా వాళ్ల పనే. ఆమె ఒక కాగితం తెచ్చింది, ఈక్యూ ఫైవ్ డీ అంటారట, అందులో ఐదు సంగతులే, నడవగలరా, మీ పనులు మీరు చేసుకోగలరా, రోజువారీ పనులెలా ఉన్నాయి, నొప్పి ఉందా, దిగులు ఉందా. చివర థర్మామీటర్ లాగా నిలువు గీత, కింద 0, పైన 100, ఇవాళ మీ ఆరోగ్యం ఎంతుందో మీరే చూపించండి అని. నేను నా మనసులో 30 వేసేశాను. ఆయన అద్దాలు పెట్టుకుని ఆ గీత కింద నుంచి పైకి వేలు మెల్లిగా జరుపుకుంటూ వెళ్లి 70 దగ్గర ఆపాడు. అర్థం కాలేదేమో అని నర్సమ్మ మళ్లీ అడిగింది, మళ్లీ 70. పక్కన చూసుకునేవాళ్లు చాలాసార్లు పేషెంట్ కంటే తక్కువే వేస్తారని ఆమె చెప్పింది, మనం పోయినవి లెక్కపెడతాం, వాళ్లు ఉన్నవాటితో బతకడం నేర్చుకుంటారు. సరే మరి మిగతా 30 ఎందుకు తగ్గింది సార్, నొప్పా అని అడిగింది. కాదని తలూపాడు. ఆయనకి మాట పడిపోయింది కదా, ఒక్కో మాటా కూడబలుక్కుని రావాలి, చాలాసేపు పెదాలు కదిలించి "అడగరు" అన్నాడు. అంతే, ఆ ఒక్క మాట.

నిజమే బుజ్జీ, మేమెవ్వరం అడగలేదు. ఏం చొక్కా వెయ్యాలి, టీవీలో ఏం పెట్టాలి, ఎవరు చూడ్డానికి రావొచ్చు, ఏ డాక్టరు, అన్నీ ఆయన మంచం పక్కనే నిలబడి మాలో మేమే మాట్లాడేసుకునేవాళ్లం, ఆయన అక్కడ లేనట్టే. ఆ రోజు నుంచి పొద్దున్నే రెండు చొక్కాలు పట్టుకుని నిలబడేదాన్ని, ఆయన వేలు చూపించేవాడు, ఎప్పుడూ ఆ నీలం గళ్లదే. మీ అత్తగారికి మాట బానే ఉంది కదా, నీ పని ఇంకా సులువు. స్నానం ఇప్పుడా తర్వాతా, సీరియల్ చూస్తారా పాటలా, వంకాయా బెండకాయా, అడుగు. ఇంటికి ఎవరైనా చూడ్డానికి వస్తామంటే ముందు ఆమెని అడుగు, డైపర్లో ఉన్న మనిషికి అందరి ముందు పడుకుని ఉండటం ఎంత సిగ్గో ఆలోచించు. డైపర్ మార్చేటప్పుడు తలుపేసి, మీద దుప్పటి కప్పే మార్చాలని అటెండర్‌కి మొదటి రోజే చెప్పు, "పేషెంట్" అనొద్దు, "అమ్మా" అని పిలవమను. ఆమె చేతికి ఏదో ఒక పని ఇవ్వు కూడా, ముప్పై ఏళ్లు ఆ వంటిల్లు ఏలిన మనిషి, కుడి చెయ్యి బావుంది కదా, పళ్లెంలో పప్పు పోసిస్తే రాళ్లేరుతుంది, లేట్ అయితే అవుతుంది.

ఆమె అన్నం వద్దన్నా, ఊరికే ఏడ్చినా, ఎవరితో మాట్లాడకపోయినా మొండితనం అనుకోకు. స్ట్రోక్ వచ్చినవాళ్లలో ముగ్గురిలో ఒకరికి డిప్రెషన్ వస్తుంది, దానికి మందులున్నాయి, న్యూరో డాక్టర్‌కి దాచకుండా చెప్పు.

తమిళనాడు గవర్నమెంట్‌ది మక్కళై తేడి మరుత్తువం (ప్రజల్ని వెతుక్కుంటూ వచ్చే వైద్యం) అనే పథకం 2021 ఆగస్టు నుంచి ఉంది, బీపీ షుగర్ మాత్రలు, ఫిజియో, పాలియేటివ్ కేర్ ఇంటికే వచ్చి ఇస్తారు. మీ ఏరియా హెల్త్ సెంటర్లో పేరు రాయించు, ప్రైవేట్ ఫిజియో ఉన్నా సరే, ఖర్చులు ఎలా పెరుగుతాయో ఇప్పుడు నీకు తెలీదు.

ఇక నువ్వు. నేను మొదటి ఏడాది గుడికి కూడా వెళ్లలేదు, వెళ్తే ఏదో తప్పు చేసినట్టుండేది, చివరికి నడుం పట్టేసి పది రోజులు నేనే మంచమెక్కాను, అప్పుడు ఆయన్ని ఎవరు చూశారు? మీ ఆడపడుచు తాంబరంలోనే ఉంది కదా, వారంలో ఒక పూట ఆమెది అని ఇప్పుడే మాట్లాడేసుకో, తర్వాత అడిగితే గొడవలవుతాయి. ఆ పూట ఇంట్లో ఉండకు, బయటికి వెళ్లు.

నేను గురువారం సాయంత్రం వస్తాను. మీ హాల్లో వీధి వైపు కిటికీ కింద ఎన్ని అడుగుల చోటుందో కొలిచి వాట్సాప్ చెయ్యి, ఆ సోఫా తీస్తే మంచం పడుతుందని నా అంచనా. హాస్పిటల్‌కి వెళ్లినప్పుడు మంచం ఎక్కడ కావాలో ఆమెనే అడుగు, పూజగది కనిపించేలా కావాలంటుందేమో. ఎక్స్‌టెన్షన్ బాక్స్ కొనకు, పెదనాన్నకి వాడింది ఇంట్లోనే ఉంది, తెస్తాను.

మీ పెద్దమ్మ