క్యాథలిక్ అయితే కిరీటం రాదా?

ప్రశ్న: బ్రిటన్ రాజకుటుంబంలో పుట్టినా క్యాథలిక్ అయితే సింహాసనం దక్కదట, నిజమేనా? ఈ కాలంలో కూడానా!
– ఓ పాఠకుడు, వనపర్తి

జవాబు: నిజమేనండి. 1688లో పోప్‌ను అనుసరించే క్యాథలిక్ రాజు రెండో జేమ్స్ పారిపోయాక, మళ్లీ అలాంటి రాజు రాకూడదని పార్లమెంటు పట్టుబట్టి 1701లో చట్టం చేసింది, దాంతో 1714లో ఆన్ రాణి చనిపోయినప్పుడు దగ్గరి చుట్టాలైన క్యాథలిక్కులను 50 మందికి పైగా పక్కనపెట్టి, ఎక్కడో జర్మనీలో ఉన్న ప్రొటెస్టెంట్ హానోవర్ జార్జిని పిలిచి కూర్చోబెట్టారు. ఆయన ఇంగ్లిషు అంతంతమాత్రమే! మీ వనపర్తి సంస్థానంలో హిందూ రాజులు ముస్లిం నిజాంకు కప్పం కడుతూనే ఏలారు, అక్కడ లెక్క వేరు.

క్యాథలిక్‌ను పెళ్లాడినా వారసత్వం పోయేది. 1978లో రెండో ఎలిజబెత్ రాణి చిన్నాన్న కొడుకు కెంట్ ప్రిన్స్ మైఖేల్‌కు అలాగే పోయింది, 2015లో ఆ పెళ్లి నిబంధన తీసేశాక తిరిగొచ్చింది. వారసుడే క్యాథలిక్ అయితే మాత్రం ఇప్పటికీ కుదరదు, పోప్ మాట వినని ప్రొటెస్టెంట్ల ఇంగ్లండ్ చర్చికి పెద్ద రాజే కదా. నాకైతే ఇది సగం సంస్కరణే అనిపిస్తుంది.