న్యాయ సలహా: ‘గార్డు తీసింది ఆయనే కదా’ అంటున్నారు

ప్రశ్న: లాయరు గారూ, నా భర్త విజయనగరం జిల్లాలోని ఒక జూట్ మిల్లులో కాంట్రాక్టరు కింద ఫిట్టరు. వయసు నలభై, జీతం 23,000. 2025 ఆగస్టులో నారను దువ్వే కార్డింగ్ యంత్రం రోలర్లకు జనుము చుట్టుకుపోతే స్విచ్ ఆపి, గార్డు (యంత్రం మీది రక్షణ మూత) విప్పి, లోపల చెయ్యి పెట్టారు. ఎవరో చూసుకోకుండా స్విచ్ వేశారు. ప్రాణం పోయింది. ‘గార్డు తీసింది ఆయనే కదా’ అంటున్నారు మిల్లువాళ్లు. పెద్దమనుషుల ముందు 2 లక్షలు చేతిలో పెట్టి, ఇక ఏ హక్కూ లేదని స్టాంపు కాగితం మీద సంతకం చేయించుకున్నారు. పోలీసులు సూపర్‌వైజరు మీదే కేసు పెట్టారు. యజమానికి శిక్ష పడదా?
– ఒక సోదరి, చీపురుపల్లి

జవాబు: అమ్మా, ముందు ఆ కాగితం సంగతి. అది చెల్లదు. ప్రమాదం నాటికి అమల్లో ఉన్న ఉద్యోగుల పరిహార చట్టం 17వ సెక్షను ప్రకారం హక్కు వదులుకున్నట్టు రాయించుకున్న ఒప్పందానికి విలువ లేదు. మరణ పరిహారాన్ని ఆ చట్టం కింద నియమించిన పరిహార కమిషనర్ దగ్గరే జమ చేయాలి. నేరుగా ఇచ్చిన దానిలో మూడు నెలల జీతం మేరకే మినహాయించుకోవచ్చు.

గార్డు మాట కూడా నిలవదు. కార్మికుడే కావాలని రక్షణ పరికరం తొలగించాడన్న వాదన గాయాల కేసుల్లో పనికొస్తుందేమో గానీ, మరణించినప్పుడు చట్టం దాన్ని ఒప్పుకోదు. అసలు అడగవలసింది వేరే ఉంది: ఆ స్విచ్‌కు తాళం ఎందుకు లేదు? పొరపాటున ఆన్ అయ్యే వీలున్న స్విచ్‌ను ఆఫ్‌లోనే బిగించి ఉంచే ఏర్పాటు ఉండాలని అప్పటికి అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం 24వ సెక్షను చెప్పింది. తాళం వేసి, తాళంచెవి మీవారి జేబులో ఉంటే ఇంకొకరు వేయగలిగేవారా?

పరిహారం లెక్కకు జీతం 23,000 అయినా 15,000గానే చూస్తారు. అందులో సగం 7,500. దాన్ని వయసును బట్టి చట్టం ఇచ్చిన గుణకంతో హెచ్చిస్తారు. నలభై ఏళ్లకు అది 184.17, మొత్తం 13,81,275 రూపాయలు. నెల దాటితే 12 శాతం వడ్డీ. కాంట్రాక్టరు తప్పించుకుంటే మిల్లే కట్టాలి. జీతం 21,000 దాటింది కాబట్టి ఈఎస్‌ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) లేదనుకుంటున్నాను. ఉంటే దారి వేరు, ఆశ్రితులకు నెలనెలా డబ్బు వస్తుంది. దరఖాస్తుకు గడువు ప్రమాదం నుంచి రెండేళ్లు. మీరు ఉండే ప్రాంతపు కమిషనర్ దగ్గరే వేయవచ్చు.

ఇక శిక్ష. ఇక్కడ మీకు తీపి మాటలు చెప్పలేను. ఫ్యాక్టరీల చట్టంలో కంపెనీకి ‘ఆక్యుపయర్’, అంటే ఫ్యాక్టరీకి అంతిమ బాధ్యుడు, డైరెక్టరే, మేనేజరు కాదు. సుప్రీంకోర్టు 1996లోనే తేల్చింది. కానీ కోర్టులో ఫిర్యాదు వేయవలసింది ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్, లేదా ఆయన రాతపూర్వక అనుమతి ఉన్నవారు మాత్రమే, అదీ విషయం తెలిసిన మూడు నెలల్లో. వేశారో లేదో సమాచార హక్కు దరఖాస్తుతో కనుక్కోండి. శిక్ష రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. మరణానికి కనీస జరిమానా 25,000. 1987లో పెట్టిన అంకె అది, సిగ్గుపడాల్సిన అంకె. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కార్మికుల భద్రత, ఆరోగ్యాల కొత్త కోడ్ దాన్ని 5 లక్షలు చేసింది, అందులో సగానికి తగ్గకుండా కుటుంబానికి ఇప్పించే అధికారం కోర్టుకు ఇచ్చింది. ప్రమాదం అంతకు ముందే జరిగింది కనుక, రాజ్యాంగం 20వ అధికరణం ప్రకారం మీ కేసుకు ఆ పెద్ద శిక్ష వర్తించదు.

పోలీసు కేసు భారతీయ న్యాయ సంహిత 106 (నిర్లక్ష్యంతో మరణానికి కారణం కావడం) కింద ఉంటే ఐదేళ్ల దాకా జైలు పడవచ్చు. అయితే డైరెక్టరును అందులో చేర్చాలంటే ఆయన సొంత నిర్లక్ష్యం చూపాలి. తాళం కావాలని ఎవరైనా రాసి అడిగిన కాగితం మిల్లులో ఉంటే అదే పెద్ద సాక్ష్యం. తోటి ఫిట్టర్లను అడగండి. ఈ నేరానికి కింది కోర్టులో రాజీ కుదరదు, పెద్దమనుషులు ఏమి చెప్పినా సరే.

ఎఫ్‌ఐఆర్, పోస్టుమార్టం నివేదిక, జీతం పడిన బ్యాంకు పాసుపుస్తకం తీసుకుని విజయనగరంలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. ఆదాయంతో పని లేకుండా మహిళలకు లాయరును ఉచితంగా ఇస్తారు. ఫోను 15100.