పెట్టె మీది అంకెలు, చెవిలోని రబ్బరు

ప్రశ్న: నేను రోజూ హనుమకొండ నుంచి జనగామకు ఆర్టీసీ బస్సులో ఉద్యోగానికి వెళ్లి వస్తుంటాను. దారిలో పాటలు వినడానికి, ఇంటికి ఫోన్ చేసి మాట్లాడడానికి ఇయర్‌బడ్స్ కొనాలనుకుంటున్నాను. పన్నెండు వందలకు దొరికే ఒకదాని పెట్టె మీద 13 మిల్లీమీటర్ల డ్రైవర్లు, 60 గంటల ప్లేబ్యాక్, నాలుగు మైకుల ఈఎన్‌సీ అని ఉంది. మరో మూడు వందలు పెడితే వచ్చే ఇంకొకదాని మీద 32 డెసిబెల్స్ ఏఎన్‌సీ, 40 గంటలు అని ఉంది. రెండింటిలో ఏది మేలు?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ముందుగా ఈఎన్‌సీ, ఏఎన్‌సీ అనే రెండు మాటలను విడదీసి చూడాలి. ఇవి ఒకేలా వినిపించడం వల్ల దుకాణంలో చాలామంది పొరబడుతున్నారు. ఈఎన్‌సీ ఉన్నందువల్ల మీ చెవికి ఒరిగేదేమీ లేదు; మీరు ఫోన్లో మాట్లాడేటప్పుడు మీ చుట్టూ ఉన్న రొదను తగ్గించి, అవతలివారికి మీ గొంతును కొంత తేటగా చేరవేయడమే దాని పని. మీ చెవిలో పడే చప్పుడును తగ్గించేది ఏఎన్‌సీ. బడ్ బయటి వైపున ఉన్న మైకు చుట్టుపక్కల శబ్దాన్ని పట్టుకోగానే, లోపలి చిప్పు దానికి సరిగ్గా ఎదురు తరంగాన్ని పుట్టించి స్పీకరు ద్వారా వదులుతుంది. ఆ రెండు తరంగాలు ఒకదాన్నొకటి చాలావరకు రద్దు చేసుకుంటాయి.

ఈ పద్ధతి ఎడతెగకుండా ఒకే తీరున సాగే మంద్రమైన మోత మీద బాగా పనిచేస్తుంది. బస్సు ఇంజను గుర్రుమనే మోత, ఏసీ హోరు అలాంటివి. ఉన్నట్టుండి మోగే హారను, కండక్టరు గారి “టికెట్, టికెట్” అన్న కేక, పక్క సీటువారి మాటలు మాత్రం ఏఎన్‌సీ ఉన్నా చాలావరకు వినిపిస్తూనే ఉంటాయి. శబ్దం ఎంత తగ్గుతుందో చెబుతూ పెట్టె మీద వేసే డెసిబెల్ అంకె సాధారణంగా అన్నిటికంటే బాగా అణగిన ఏదో ఒక శ్రుతి శబ్దానికి సంబంధించినదే కాబట్టి, చెవిలో పెట్టుకున్న మరుక్షణం నిశ్శబ్దం అలుముకుంటుందని ఆశించవద్దు.

అయినప్పటికీ, రోజూ ఇంజను మోతలో గంటల తరబడి కూర్చునే మీకు ఆ మూడు వందలు పెట్టడమే మంచిదని నా అభిప్రాయం. ఇంట్లోనో ఆఫీసులోనో వినేవారైతే ఆ డబ్బు మిగుల్చుకోమనే చెప్పేవాణ్ణి.

అయితే ఏది కొన్నా, ధ్వని బాగుండడమన్నది చివరికి బడ్ మూతికి తొడిగే ఆ చిన్న సిలికాన్ రబ్బరు మీద ఆధారపడుతుంది. పెట్టెలో సాధారణంగా మూడు జతల రబ్బర్లు ఇస్తారు. మధ్య సైజు ముందే తొడిగి ఉంటుంది కాబట్టి మిగిలినవాటిని కవరులోంచి బయటికి తీయనివారే ఎక్కువ. రబ్బరుకూ చెవికీ నడుమ సందు ఉంటే మంద్ర ధ్వనులు అందులోంచి జారిపోతాయి, బస్సు మోత అందులోంచే లోపలికి వస్తుంది, ఎంత ఖరీదైన ఏఎన్‌సీ అయినా సగం పని కూడా చేయలేదు. ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. డప్పో మృదంగమో బాగా వినిపించే పాట పెట్టి, రెండు బడ్స్‌నూ వేలితో మెల్లగా లోపలికి నొక్కండి. నొక్కినప్పుడు దరువు బరువెక్కి, వేలు తీయగానే పలచబడితే మీ రబ్బరు చిన్నదైందని అర్థం. కుడి చెవికి ఒక సైజు, ఎడమ చెవికి మరో సైజు సరిపోవడం కూడా మామూలే.

ఇక మిగిలిన అంకెల సంగతి క్లుప్తంగా చెబుతాను. 13 మిల్లీమీటర్లన్నది లోపలి స్పీకరు వెడల్పు మాత్రమే. శ్రద్ధగా తయారుచేసిన 10 మిల్లీమీటర్ల స్పీకరు దానికంటే శ్రావ్యంగా పలకవచ్చు. 60 గంటలన్నది బడ్స్‌లోనూ, వాటిని మళ్లీ మళ్లీ ఛార్జ్ చేసే డబ్బాలోనూ ఉన్న బ్యాటరీని కలిపి, సాధారణంగా సగం వాల్యూమ్‌లో, ఏఎన్‌సీ ఆపి వేసిన లెక్క. మీకు కావలసింది ఒక్కసారి చెవిలో పెట్టుకుంటే ఎన్ని గంటలు వస్తుందన్నది. ఏఎన్‌సీతో ఐదు గంటలు వచ్చినా మీ రానుపోను ప్రయాణానికి సరిపోతుంది. పెట్టె మీద బ్లూటూత్ 5.3 అని ఉండి, మీ ఫోన్లో 5.0 ఉన్నా రెండూ కలిసి పనిచేస్తాయి.

ఫోన్ సంభాషణ గురించి ఒక హెచ్చరిక. మైకు వాడుకలోకి రాగానే బ్లూటూత్ సంగీతపు దారి వదిలి మాటల దారి పడుతుంది, అందులో ధ్వని నాణ్యత తగ్గుతుంది. అది మీ బడ్స్ లోపం అనుకోనక్కరలేదు. కాడ ఉన్న బడ్స్‌లో మైకు నోటికి కాస్త దగ్గరగా ఉంటుంది కాబట్టి, కాల్స్ ఎక్కువగా మాట్లాడేవారు గుండ్రటివాటికంటే వాటినే ముందుగా చూడడం మంచిది. ఏదైనా సరే, కిటికీ తెరిచిన బస్సులో గాలి నేరుగా మైకుకు కొడుతుంటే నాలుగు మైకులూ కలిసి కూడా ఏమీ చేయలేవు. కిటికీ అద్దం వేసి మాట్లాడండి.

ప్రశ్న: ఐదు నెలల క్రితం కొన్న ఇయర్‌బడ్స్‌లో కుడి వైపుది బాగా సన్నగా వినిపిస్తోంది. కొన్నచోట చూపిస్తే స్పీకరు పోయింది, కొత్తది కొనుక్కోండి అన్నారు. నిజంగా పోయినట్టేనా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఆ తీర్పుకు అంత తొందర అవసరం లేదు. కుడి రబ్బరు ఊడదీసి, లోపల ఉన్న సన్నటి జాలీని టార్చి వెలుతురులో చూడండి. ఈ ఫిర్యాదుకు చాలాసార్లు గులిమే కారణం. పలచటి పసుపు పొర జాలీని మూసేస్తుంది, స్పీకరు మాత్రం లోపల నిక్షేపంగా ఉంటుంది. జాలీ కిందికి ఉండేలా బడ్‌ను తలకిందులుగా పట్టుకుని, పొడిగా ఉన్న మెత్తటి టూత్‌బ్రష్‌తో మెల్లగా రుద్దితే ఆ పొర రాలి కింద పడుతుంది. పిన్నీసు, అగ్గిపుల్ల పెట్టి పొడవవద్దు. జాలీ చిరిగితే గులిమి నేరుగా స్పీకరు మీదికే చేరుతుంది. రబ్బరును మాత్రం విడిగా సబ్బునీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాక తొడగవచ్చు.

జాలీ శుభ్రంగానే ఉంటే ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ విభాగంలోకి వెళ్లి చూడండి. అక్కడ కుడి ఎడమల ధ్వనిని సరిచూసే గీత ఒకటి ఉంటుంది. ఎప్పుడో వేలు తగిలి అది ఎడమకు జరిగి ఉంటే, పాపం కుడి బడ్ అన్యాయంగా నింద మోస్తున్నట్టే. అదీ కాకపోతే ఫోన్లోని బ్లూటూత్ జాబితాలోంచి బడ్స్‌ను తొలగించి మళ్లీ జత చేయండి.

ఇన్ని చేసినా మారకపోతే బిల్లు చేతపట్టుకుని వారంటీ అడగండి. ఈ వస్తువులకు సాధారణంగా ఏడాది వారంటీ ఉంటుంది, మీకు ఐదు నెలలే అయింది. అమ్మినవారు మాట దాటవేస్తే కంపెనీ సర్వీసు కేంద్రానికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. అక్కడా పని జరగకపోతే జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోన్ చేయవచ్చు.

ప్రశ్న: మా అబ్బాయి ఇంజనీరింగ్ చదువుతున్నాడు. పొద్దున్నుంచి రాత్రి వరకు చెవిలో బడ్స్ తీయడు. చెవులు పాడవుతాయంటే నవ్వుతాడు. మీరేమంటారు?
– ఒక తల్లి, రాజమహేంద్రవరం

జవాబు: చెవికి ప్రమాదం ధ్వని స్థాయి వల్ల ఎంత ఉంటుందో, వినే కాలం వల్ల కూడా అంతే ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ప్రకారం పెద్దలు 80 డెసిబెల్స్ స్థాయిలో వారానికి 40 గంటల వరకు వినవచ్చు; స్థాయి 90కి పెరిగితే ఆ గడువు వారానికి 4 గంటలకు పడిపోతుంది. అందువల్ల బడ్స్ తీసెయ్యమని గదమాయించేకంటే, వాల్యూమ్‌ను సగం దగ్గరే ఉంచమని, మధ్యమధ్యలో చెవికి విరామం ఇవ్వమని చెప్పండి. ఆ మాటైతే వినిపించుకునే అవకాశం ఎక్కువ. పక్కనుంచి మీరు మామూలుగా పిలిస్తే పలకలేనంతగా వింటున్నాడంటే వాల్యూమ్ ఎంత ఉందో చూడవలసిందే. బడ్స్ తీసేశాక చెవిలో గుయ్‌మనే శబ్దం వస్తోందా అని మాత్రం తప్పక అడగండి. అవునంటే ఆలస్యం చేయకుండా చెవి, ముక్కు, గొంతు వైద్యుడికి చూపించండి.